వేళ ఇచ్చుట, మాట నిలుపుట

వృత్తి చిన్నదైనా పెద్దదైనా దానికి అసలైన మూలధనం నమ్మకం. ఆ నమ్మకానికి తొలి పరీక్ష కాలపాలన. "రేపు పది గంటలకు రండి" అన్న వ్యాపారి పది గంటలకు సిద్ధంగా ఉన్నాడా లేదా అన్నదానిపైననే అతని పేరు ఆధారపడి ఉంటుంది. ఈ మాట స్వల్పంగా కనిపించవచ్చును. కాని దీని వెనుక ఒక పెద్ద ప్రశ్న దాగి యున్నది. వేచి యుండే భారం ఎవరిపై పడవలెను?

తెల్లవారకముందే అడ్డామీద నిలబడే పాలమూరు కూలీ, ఆసుపత్రి చీటీకొరకు బారులో నిలుచున్న తల్లి, ధ్రువపత్రానికై కిటికీ ముందర నిరీక్షించే విద్యార్థి, అందరూ వేచి యుండేవారే. వేచి యుండుట పేదవాని వంతు, వేచి యుంచుట అధికారి హక్కు అన్న భావం మన సమాజంలో పాతుకొనిపోయింది. గడియారమున్నవాడు పోగొట్టుకొనేది గంట మాత్రమే. కూలివాడు పోగొట్టుకొనేది ఒక పూట కూలి. కాబట్టి వేళ నిర్ణయించే పద్ధతిని ఎన్నుకొనుట కేవలం యంత్రవిషయం కాదు, న్యాయవిషయం కూడ.

ఒక క్రొత్త వృత్తిని ఉదాహరణగా తీసుకొని ఈ సంగతిని విచారిద్దాం. పెంపుడు కుక్కలకు, పిల్లులకు స్నానం చేయించి, వెంట్రుకలు కత్తిరించి, గోళ్ళు తీసే దుకాణాలు హైదరాబాదులో 'పెట్ గ్రూమింగ్' అన్న పేరుతో నడుస్తున్నవి. 44వ నంబరు జాతీయ రహదారిమీద ఉన్న మన జడ్చర్లలో రేపు మన విద్యార్థియే ఒకడు అటువంటి దుకాణం తెరిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. నవ్వేవారు నవ్వవచ్చును. కాని జంతువు బొచ్చు కత్తిరించే విద్య ఈ నేలకు క్రొత్తది కాదు. దక్కనీ గొర్రె బొచ్చు కత్తిరించి, వడికి, గొంగడి నేసిన జిల్లా ఇది. అయితే భేదమొకటి కలదు. గొర్రెల మందకు వేళ నిర్ణయించేది ఋతువు. ఇంటి కుక్కకు వేళ నిర్ణయించేది యజమాని సెలవుదినం. అందువల్ల సోమవారం దుకాణం బోసిపోయి, ఆదివారం అందరూ ఒక్కసారే వచ్చి గుమికూడుతారు. వేళల ఏర్పాటు అవసరమయ్యేది ఇక్కడనే.

ఈ పని స్వభావాన్ని ముందు తెలుసుకొనవలెను. క్షౌరశాలలో మనిషికి అరగంట అన్నట్లు ఇక్కడ అన్ని ప్రాణులకూ ఒకే కొలత చెల్లదు. పొట్టి బొచ్చు గల కుక్కకు స్నానం చేయించి తుడిచి పంపుట తేలిక. షిట్జూ జాతి కుక్క వెంట్రుకలు జడలు కట్టి వస్తే ఒక్కొక్క చిక్కును నొప్పి కలుగకుండ విప్పవలెను. దానికి ఎంత కాలం పట్టునో చూచిన తరువాతగాని చెప్పలేము. చప్పిడి ముక్కు గల పగ్ జాతి మన మే నెల ఎండకు తాళలేదు. దానికి ఉదయపు వేళయే ఇవ్వవలెను. పరిచయం లేని రెండు కుక్కలు గుమ్మంలో ఎదురుపడితే కొట్లాట తప్పదు గనుక రాకకు, పోకకు నడుమ కొంత వ్యవధి ఉంచవలెను. పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించినదీ లేనిదీ ముందే అడగవలెను. కాబట్టి పేరు, గంట మాత్రమే వ్రాసుకొనే పద్ధతి ఈ వృత్తికి చాలదు. జాతి, పరిమాణం, బొచ్చు తీరు, స్వభావం, టీకా తేదీ, ఈ అయిదింటిని అడగని పద్ధతి ఎంత ఖరీదైనదైనా నిరుపయోగమే.

"ముందు వచ్చిన చెవులకన్న వెనుక వచ్చిన కొమ్ములు వాడి" అని సామెత. యాప్ కొంటే సరిపోతుంది కదా అని యువకులు అంటారు. వారి వాదంలో బలం లేకపోలేదు. అర్ధరాత్రి సైతం అది వేళ ఇస్తుంది. ఒకే గంటను ఇద్దరికి ఇవ్వదు. ముందురోజు గుర్తు చేస్తుంది. చేతులు తడిగా ఉండి, బల్లమీద కుక్క బెదరుతూ ఉండగా మ్రోగే ఫోనుకు పరుగెత్తే అవస్థ తప్పుతుంది. ఇవి నిజమైన మేళ్ళే.

అయినను ఇటీవలి చరిత్ర మనకు రెండు పాఠాలు నేర్పినది. 2021 మే 1 నుండి 18-44 ఏండ్లవారికి కరోనా టీకా వేయుట ప్రారంభమైనపుడు కోవిన్‌లో ముందుగా నమోదు చేసుకొని వేళ పొందుట తప్పనిసరి చేశారు. వేళ్ళు చురుకైనవారికి స్లాటు దొరికింది; ఫోను లేనివారికి దొరకలేదు. ఆ నెలలోనే సుప్రీంకోర్టు ఈ అసమానతను ప్రశ్నించింది. మే 24న ప్రభుత్వ కేంద్రాలలో నేరుగా వచ్చినవారిని నమోదు చేసుకొనుటకు అనుమతి ఇచ్చారు. రెండవ పాఠం 2025-26 పత్తి కాలానిది. మద్దతు ధరకు పత్తి అమ్మదలచిన రైతు భారత పత్తి సంస్థవారి 'కపాస్ కిసాన్' యాప్‌లో స్లాటు పొందవలసి వచ్చింది. పన్నెండు శాతానికి మించి తేమ ఉంటే ఆ పత్తిని కొనరు. స్లాటు దొరికిన వారంలో వాన కురిస్తే ఆ వేళ ఏమి ప్రయోజనం? వేళను యంత్రం ఇవ్వగలదు, పత్తిని ఆరబెట్టలేదు. బాదేపల్లి మార్కెట్టు చుట్టుపట్ల రైతుబిడ్డలకు ఇది వివరించి చెప్పనక్కరలేదు.

మొదటి పాఠం: ఒకే ద్వారం తెరచి మిగిలినవి మూయరాదు. రెండవది: వేళ మార్చుకొనే వెసులుబాటు లేని వేళ, వేళ కాదు.

ఇంగ్లండులో బెయిలీ అనే గణితజ్ఞుడు 1952లో ఆసుపత్రుల వేళలను లెక్కకట్టి చూపించాడు. వైద్యుడు ఒక్క నిమిషమైనా ఖాళీగా ఉండరాదన్న పట్టుదలతో రోగులను ముందే పిలిపించి కూర్చుండబెడితే, వైద్యునికి మిగిలే కాలం కొద్ది, రోగులు పోగొట్టుకొనే కాలం మెండు. మొదట ఇద్దరిని పిలిచి, తరువాత ఒక్కొక్కరిని సగటు పరీక్షాకాలమంత ఎడంతో పిలుచుట మేలని అతని సూచన. మన దుకాణంలో ఆ మొదటి ఇద్దరు కూడ తగదు. వేచి యుండేది కుక్క గనుక. బెదరిన జంతువు బల్లమీద కరుస్తుంది. యజమాని తన గంటను కొంత ఖాళీగా వదులుకొనుటయే ఇక్కడ లాభం.

ఇక ఏ పద్ధతి మేలు? నా అభిప్రాయంలో క్రొత్త దుకాణానికి గీతలు గీసిన ఒక రిజిస్టరు, ఒక ఫోను, వాట్సాప్ చాలును. మూడు నెలలపాటు ఎన్ని పిలుపులు అందుకొనలేకపోయినదీ, ఎందరు వేళ తీసుకొని రానిదీ అందులోనే వ్రాయవలెను. ఆ అంకెలు యాప్ నెలచందా కంటె ఎక్కువ నష్టం చూపినపుడే యాప్ కొనవలెను. కొన్న తరువాత కూడ రిజిస్టరు మూయరాదు. ఫోనులో పలికినవానికి, గుమ్మంలోకి వచ్చినవానికి రోజుకు రెండు వేళలైనా మిగల్చవలెను. ఉర్దూ 2017 నుండి రాష్ట్రమంతటికి రెండవ అధికారభాష. యాప్ పంపే కబురు తెలుగులోను, ఉర్దూలోను ఉండునా అని అడిగి మరీ కొనవలెను. వేళ తీసుకొని రానివారి బెడద ఉన్నచోట యూపీఐ ద్వారా కొద్ది బయానా తీసుకొనవచ్చును. ముందురోజు చెప్పినవారికి అది తిరిగి ఇచ్చివేయవలెను. గిరాకీదారుల పేర్లు, నంబర్లు మన సొత్తు కావు, వారు మనవద్ద ఉంచిన అమానతు. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెప్పేది కూడ ఇదే. యాప్ మానివేసిన నాడు ఆ పట్టిక మన చేతికి వచ్చునా అన్నది కొనకముందే తేల్చుకొనవలెను.

కళాశాల పాలకవర్గానికి నా మనవి ఒకటి. వాణిజ్యశాస్త్రం చదివే మన పిల్లలు పెద్ద కంపెనీల జమాఖర్చులు నేర్చుకొంటున్నారు. పది మంది గిరాకీదారులకు న్యాయంగా వేళ ఇచ్చుట మాత్రం నేర్చుకొనుట లేదు. మన కార్యాలయపు కిటికీనే వారికి ప్రయోగశాలగా ఇవ్వండి. ధ్రువపత్రాలకు వచ్చేవారి రాకను ఒక నెల లెక్కించి, వేళల పట్టిక తయారుచేయుమని వారినే కోరండి. ఖర్చు ఒక నోటుపుస్తకం. ఫలం ఎందరికో ఒక పూట.

విద్యార్థి మిత్రులారా, మీరు తెరిచేది కుక్కల క్షౌరశాల కావచ్చును, మందుల దుకాణం కావచ్చును, వకీలు కచేరీ కావచ్చును. పద్ధతిని ఎన్నుకొనే ముందు దాని వెల అడగండి. అంతకంటె ముందు దానివల్ల ఎవరు వేచి యుండవలసి వచ్చునో అడగండి. అందరికంటె బలహీనుడే వేచి యుండవలసి వస్తే ఆ పద్ధతిని విడిచిపెట్టండి.