పెద్ద నంబరు మన నంబరు కాదు

ఇదే మెస్‌లో తిని, ఇళ్లలో డిగ్రీ చూసిన మొదటి వాళ్లమై, ఇప్పుడు ఎం.సి.ఏ. ముగిస్తున్న మేము ఒక చిన్న విషయం చెప్పదలిచాం.

గత ఏడాది ప్రాజెక్టుగా హాస్టల్ అడ్మిషన్ల ప్రోగ్రాం రాశాం. విద్యార్థి పేరు ఒక టేబుల్లో చేరగానే డేటాబేస్ తనంతట తానే ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరు కిందే బ్యాంకు ఖాతా వివరాలు రెండో టేబుల్లో రాయాలి. నంబరు తెలుసుకోవడానికి మేము "టేబుల్లో అన్నిటికంటే పెద్ద నంబరు ఏది?" అని అడిగాం. ఒక కంప్యూటరు మీద నెల రోజులు బాగానే నడిచింది. రెండు కంప్యూటర్లు పెట్టి ఒకేసారి నమోదు చేసిన రోజు బండారం బయటపడింది. మొదటి విద్యార్థికి 417 వచ్చింది. మేము పెద్ద నంబరు అడిగేలోపు పక్క కంప్యూటరు నుంచి 418 చేరింది. మొదటివాడి ఖాతా రెండోవాడి పేరున పడింది. ఎర్రర్ ఏదీ రాలేదు.

అవి పరీక్ష కోసం రాసిన పేర్లే. కానీ మాలో ఒకరికి ఇంటర్లో ఇలాగే నంబరు తారుమారై స్కాలర్‌షిప్ ఆగింది. వాళ్ల నాన్న నాలుగు రోజుల కూలి పోగొట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఆనాడు రాసినవాళ్లను తిట్టుకున్నాం. ఇప్పుడు అదే తప్పు మా చేత్తో చేశాం.

ఆసుపత్రిలో ఓపీ చీటీ తీసుకున్నాక మన చేతిలోని చీటీ చూసుకుంటాం గానీ, రిజిస్టరులో చివరి నంబరు చూడం కదా! డేటాబేసులోనూ ఆ చీటీ ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో 'లాస్ట్ ఇన్సర్ట్ ఐడి' ప్రతి కనెక్షన్‌కు విడిగా ఉంటుంది. పక్కవాడి నంబరు అందులోకి రాదు. అయితే పేరు చేర్చిన కనెక్షన్‌తోనే అడగాలి. పోస్ట్‌గ్రెస్‌లో 'రిటర్నింగ్' అని రాస్తే చేర్చిన వాక్యమే నంబరు తెచ్చి ఇస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 'స్కోప్ ఐడెంటిటీ' వాడాలి. 'యాట్ యాట్ ఐడెంటిటీ' వాడితే ట్రిగ్గర్ వేరే టేబుల్లో చేర్చిన నంబరు రావచ్చు. జావా వాళ్లకు 'గెట్ జెనరేటెడ్ కీస్' ఉంది. రెండు టేబుళ్ల రాతనూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెడితే, రాస్తే రెండూ రాస్తుంది, లేకుంటే ఏదీ రాయదు. మధ్యలో ఒక నంబరు ఖాళీ పోయినా నష్టం లేదు.

"ఉన్నది ఒక్క కంప్యూటరే, ఇంత అవసరమా?" అని కొందరు మిత్రులు అంటున్నారు. అవసరమే అంటాం మేము. రెండో కంప్యూటరు వచ్చిన రోజు ప్రోగ్రాం రాసినవాళ్లు అక్కడ ఉండరు. అడ్మిషన్ల క్యూలో నిలబడ్డ పిల్లవాడు మాత్రం ఉంటాడు.

తమ్ముళ్లారా, రేపు మీరూ ఇలాంటి ప్రోగ్రాములు రాస్తారు. ఊహించి రాయకండి. నంబరు ఇచ్చినవాళ్లనే అడిగి రాయండి. ఒకరి కంచంలో అన్నం ఇంకొకరి కంచంలో పడకుండా చూడటం ఈ హాస్టల్ మనకు నేర్పిన మొదటి పాఠం.