82 మీద ఉన్న కుర్రాడిని వెనక్కి పిలుస్తారా?

ఈ శని, ఆదివారాలు మా బుద్వేల్ పక్కన ఓ అద్దె గ్రౌండ్‌లో స్కూల్ లీగ్ ఆఖరి రౌండ్. పైన శంషాబాద్‌లో దిగే విమానాలు, ఇటు ఉందానగర్ వెళ్లే ఎంఎంటీఎస్, అటు కొత్త హైకోర్టుకు కేటాయించిన వంద ఎకరాలు. 2023 ఆగస్టులో ఇక్కడ హెచ్‌ఎండీఏ భూములు వేలం వేస్తే వంద ఎకరాలకు 3,600 కోట్ల రూపాయలకు పైగా పలికింది. అలాంటి చోట ఇంకా ఎవరో పొద్దున్నే లేచి పిచ్ మీద రోలర్ తిప్పి, సున్నం గీతలు గీస్తున్నారు. చూసేవాళ్లు ముప్పై మంది ఉంటే ఎక్కువ. అందులో సగం మంది నాన్నలే.

పాయింట్ల లెక్క రంజీలో ఉన్నట్టే. పూర్తిగా గెలిస్తే 6. డ్రా అయితే తొలి ఇన్నింగ్స్‌లో ఆధిక్యం సాధించినవాళ్లకు 3, వెనకబడ్డవాళ్లకు 1. మొదటి రెండు స్థానాల్లో ఉన్న జట్లే ఇప్పుడు ఎదురెదురు పడుతున్నాయి. వాటి మధ్య తేడా మూడు పాయింట్లు. ఇక్కడే అసలు మజా ఉంది. రెండో స్థానంలో ఉన్న జట్టు ఆధిక్యం తెచ్చుకుని డ్రా చేసుకుంటే 3 వస్తాయి, అవతలివాళ్లకు 1 వస్తుంది. తేడా మూడు నుంచి ఒకటికి తగ్గుతుంది, అంతే. కప్పు మాత్రం అవతలివాళ్లదే. అంటే ఈ జట్టుకు తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం చిల్లిగవ్వకు కొరగాదు. రెండు రోజుల్లో ఇరవై వికెట్లు తీయాలి, లేదంటే ఇంటికి పోవాలి.

ఆధిక్యాన్ని నేనేం చిన్నచూపు చూడట్లేదు. 1986-87లో ఎం.వి. నరసింహారావు కెప్టెన్సీలో మన హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచిందే ఢిల్లీ మీద తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో. కానీ ఈ వారాంతం లెక్క వేరు.

నేనే ఆ కెప్టెన్‌నైతే టాస్ గెలవగానే బౌలింగ్ తీసుకుంటా. ఈ చలికాలంలో హిమాయత్‌సాగర్ వైపు నుంచి మంచు దిగి, తొమ్మిదింటికి కూడా గడ్డి తడిగానే ఉంటుంది. మొదటి గంట బంతి మాట వినదు. అదృష్టం బాగుంటే టీ లోపు అవతలివాళ్లు 140కి ఆలౌట్. తర్వాత మనం ఆడతాం. సాయంత్రం వెలుతురు పోయేసరికి 120కి 4 అనుకుందాం. ఇంకా 20 పరుగులు వెనకే ఉన్నాం. అక్కడే డిక్లేర్ చేసేయాలి! ఆదివారం పొద్దున అదే తడిలో వాళ్లనే మళ్లీ బ్యాటింగ్‌కు దింపొచ్చు. అదే పొద్దున మనం బ్యాటింగ్ చేస్తూ కూర్చుంటే ఆ గంట కాస్తా అవతలి బౌలర్లకు పోతుంది.

కాగితం మీద సింపుల్‌గానే ఉంది. చిక్కంతా ఆ 120లో 82 ఒక్కడివే అయినప్పుడు.

ఆ జట్టు ఓపెనర్ మా వీధి కుర్రాడే. పదో తరగతి. వయసు నిబంధన ప్రకారం ఈ లీగ్‌లో వాడికిదే చివరి మ్యాచ్. మార్చిలో పరీక్షలు, తర్వాత ఇంటర్. క్రికెట్ ఉంటుందో, అటకెక్కుతుందో తెలీదు. వాళ్ల నాన్న డ్యూటీలో కూర్చుని ఫోన్‌లో స్కోరు చూస్తారు. క్రిక్‌హీరోస్ లాంటి యాప్‌లు వచ్చాక గల్లీ మ్యాచ్ కూడా లైవే. టెక్ బ్లాగర్‌గా నాకు వాటి మీద ప్రేమే కానీ ఒక కంప్లైంట్ కూడా ఉంది. అత్యధిక పరుగులు, అత్యధిక వికెట్లు అని జాబితాలు తయారుచేస్తాయి. 82 దగ్గర ఎవరికోసం ఆగిపోయాడన్న దానికి కాలమ్ లేదు. సెలెక్టర్‌కు చూపించే స్క్రీన్‌షాట్‌లో 100కీ 82కీ ఉన్న తేడా ఆ ఇంట్లోవాళ్లకు తెలుసు.

ఇది కొత్త తగాదా కాదు. 1988 ఫిబ్రవరిలో హారిస్ షీల్డ్ సెమీఫైనల్లో శారదాశ్రమ్ స్కూల్ తరఫున సచిన్, కాంబ్లీ 664 పరుగుల భాగస్వామ్యం చేశారు కదా. అప్పుడు డిక్లేర్ చేయమని బౌండరీ బయటి నుంచి అసిస్టెంట్ కోచ్ అరుస్తుంటే వినపడనట్టే ఆడారట ఇద్దరూ. చివరికి 748 దగ్గర ఆపినప్పుడు కాంబ్లీ 349 మీద ఉన్నాడు. ఒక్క పరుగు చేసుకుంటానన్నా ఆచ్రేకర్ సార్ ఒప్పుకోలేదు. ఆ స్కోర్‌కార్డులో నేను వెతికే పేరు ఇంకొకటి. తర్వాత దిగాల్సిన అమోల్ మజుందార్ అంతసేపూ ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు. ఒక్క బంతీ ఆడలేదు. తర్వాత ఫస్ట్‌క్లాస్‌లో 11 వేలకు పైగా పరుగులు చేసినా భారత జట్టులోకి రాలేకపోయాడు. 2025 నవంబర్‌లో మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచినప్పుడు కోచ్ ఆయనే.

ఇంకోటి మీ అందరికీ తెలిసిందే. 2004 ముల్తాన్ టెస్టులో సచిన్ 194 మీద ఉండగా ద్రవిడ్ డిక్లేర్ చేశాడు. భారత్ ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది. ద్రవిడ్ తప్పా, కాదా అని ఇప్పటికీ హాస్టల్ రూముల్లో కొట్టుకుంటారు. సచిన్ తన ఆత్మకథలోనూ ఆ బాధ దాచుకోలేదు. నా ఓటు ద్రవిడ్‌కే. కాకపోతే సచినంతటివాడికే అంత గుచ్చుకున్న మాటను పదిహేనేళ్ల పిల్లాడికి అప్పటికప్పుడు చెప్తే ఎలా?

అందుకే నా వాదన ఇది. డిక్లేర్ చేయాల్సిందే. కానీ ఆ మాట శనివారం సాయంత్రం వాడు 82 మీద ఉన్నప్పుడు కాదు, శుక్రవారం నెట్స్‌లోనే చెప్పాలి. 'స్టంప్స్‌కి ఎవరు ఎంత మీదున్నా సరే, ఆపేస్తాం' అని పదకొండు మందికీ ఒకేసారి. ముందు చెప్తే అది ప్లాన్. తర్వాత చెప్తే వాడి ఒక్కడికి పడ్డ శిక్ష.

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఈ గోలంతా ఎందుకంటారా? నేను ఫైనలియర్‌లో రాసిన రెజ్యూమే ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. నలుగురం చేసిన ప్రాజెక్టుకు నలుగురం 'నేనే చేశాను' అని రాసుకున్నాం. ఇంటర్వ్యూలో అడిగింది మాత్రం మిగతా ముగ్గురి గురించే. క్రీడా కోటా సంగతీ చూడండి. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో అది 2 శాతం. అక్కడ ఏ స్థాయి పోటీలో, ఏ జట్టు తరఫున ఆడావు, జట్టుకు ఏ స్థానం వచ్చిందని చూస్తారు. 2024లో టీ20 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్న సిరాజ్‌కు తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. ఆ టోర్నీలో అతను ఆడింది మూడు మ్యాచ్‌లే.

మొన్న ఎంఎంటీఎస్ దిగి వస్తుంటే మా వీధి కుర్రాడు కిట్ బ్యాగ్‌తో ఎదురొచ్చాడు. ఉండబట్టలేక అడిగేశా: "ఒరేయ్, 82 మీద ఉంటే డిక్లేర్ చేస్తే ఏం చేస్తవ్?" కాసేపు ఆలోచించాడు.

"ముందే చెప్పమనన్నా. స్టంప్స్ లోపలే వంద కొట్టేస్తా."