నడుము నొప్పికి తైలమొక్కటే చాలునా?

జమ్మికుంట పత్తి మార్కెట్‌లో అడ్తి దుకాణపు లెక్కలు వ్రాసే గుమాస్తాగారొకరు కటిశూలతో చిరకాలంగా నా వద్దకు వచ్చేవారు. మహానారాయణ తైలంతో మర్దన, ఆపై ఇసుక మూటతో కాపడం చేయించేవాడిని. "అయ్యగారూ, తైలం రాసినన్ని దినాలు మంచిగుంటది, ఆపితే మళ్ల మొదలైతది" అని ఆయన వాపోయినప్పుడల్లా మరొక సీసా ఇచ్చి పంపేవాడిని.

హైదరాబాదులో ఉంటున్న వారి కుమార్తె ఆయనకు పిలాటీస్ అనే వ్యాయామం నేర్పినదని విని, విదేశీ వేలంవెర్రి అని నవ్వాను. మూడు నెలల పిదప ఆయన వచ్చి, తైలం అడుగకుండానే కుశలమడిగి వెళ్లారు. నాటితో నా నవ్వు ఆగిపోయింది.

ఈ పద్ధతిని రూపొందించిన జోసెఫ్ పిలాటీస్ 1883లో జర్మనీలో జన్మించాడు. బాల్యంలో ఉబ్బస రోగి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులో నిర్బంధితుడై ఉండి తన అభ్యాసాలకు మెరుగులు దిద్దాడు. తరువాత న్యూయార్కులో వ్యాయామశాల నెలకొల్పాడు. శ్వాసను గమనిస్తూ, ఉదరం, నడుముల లోపలి కండరాలను నిదానంగా పనిచేయించడమే ఇందులోని కీలకం. శరీరానికి స్థైర్యాన్ని, బలాన్ని కలిగించే చేష్టయే వ్యాయామమనీ, దానిని మితంగా ఆచరించాలనీ చరకాచార్యుల బోధ. ఆ లక్షణం ఇక్కడ కనబడుతున్నప్పుడు, పుట్టిన దేశాన్ని బట్టి దీనిని నిరాకరించడం శాస్త్రదృష్టి కాదు.

అట్లని ఇది సర్వరోగ నివారిణి అనుకోరాదు. నడుము నొప్పి విషయమై 2015లో వెలువడిన కోక్రేన్ సమీక్ష, పిలాటీస్ వలన కొంత మేలున్నదని చెబుతూనే, ఇతర వ్యాయామాలకంటె ఇది మిన్న అనుటకు గట్టి ఆధారం లేదని తేల్చింది. కనుక ఖరీదైన యంత్రాలు లేవని గృహిణులు చింతించనక్కరలేదు. చాప చాలును. వెల్లకిల పడుకొని మోకాళ్లు మడచి, ఊపిరి వదలుతూ బొడ్డును లోనికి తీసుకొని, నడుమును మెల్లగా చాపకు ఆనించాలి. ఊపిరి తీసుకుంటూ సడలించాలి. అయిదారు మార్లు చాలు. భోజనం చేసిన వెంటనే చేయరాదు. వాగ్భటాచార్యులు చెప్పినట్లు బలవంతులైనా సగం శక్తి మేరకే చేయాలి.

గర్భిణులు, ఎముకలు గుల్లబారినవారు వైద్యుని సలహా లేనిదే పూనుకొనరాదు. కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మలమూత్రాలపై అదుపు తప్పినా వ్యాయామం మాని తక్షణం ఆసుపత్రికి వెళ్లాలి.

గురుకులంలో మేము బావి నీరు తోడేవాళ్లం, కల్వంలో మందులు నూరేవాళ్లం, నేలమీదనే కూర్చుండేవాళ్లం. దానిని వ్యాయామమని ఎవరూ అనలేదు. ఆ శ్రమ చేసే దేహాలకు మా గురువుగారి తైలం సరిపోయింది. దినమంతా కుర్చీలో కూర్చునేవారికి అదే తైలమిచ్చి, అదే ఫలితం ఆశించడం నా పొరపాటు. తైలం నొప్పిని శమింపజేస్తుంది. బలాన్ని మాత్రం ఎవరి దేహం వారే సంపాదించుకోవాలి. ఇప్పుడు నా వద్దకు వచ్చే కటిశూల రోగులకు, తగినవారైతే, సీసాతోపాటు చాప కూడా చెబుతున్నాను.