బిడ్డలపై క్రొత్త మందుల పరీక్ష

బిడ్డలపై క్రొత్త మందులను పరీక్షింపవచ్చునా యని యడిగినంతనే తల్లిదండ్రుల గుండె ఝల్లుమనును. అది సహజము. కాని పరీక్షింపకుండుటయు నొక యపాయమేయని మేము మనవి చేయుచున్నాము.

1947 కడపట బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు వైద్యుడు రక్తక్యాన్సరుచే మరణోన్ముఖులైన బిడ్డలకు అమినాప్టెరిను అను మందు నిచ్చి చూచెను. పదునార్గురిలో పదిమందికి తాత్కాలికోపశమనము కలిగినట్లు 1948లో ప్రకటించెను. ఆ మందును సిద్ధపఱచినది భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము. నాడు వెఱచి యూరకుండినచో నేటి చికిత్సకు పునాదియే పడకుండెడిది.

నేటి మందులు వేఱు. ఇవి క్యాన్సరు కణమును నడపు దోషమునే గుఱిచూచి కొట్టును. ఫిలడెల్ఫియా క్రోమోజోముగల రక్తక్యాన్సరు బాలురకు ఇతర మందులతో ఇమాటినిబును ఎడతెగక యిచ్చి చూడగా, మూడేండ్లు రోగము తిరుగబెట్టక బ్రదికినవారు నూటికి సుమారు 80 మంది. పూర్వము 35 మందియే.

అయినను కంపెనీలు ముందుగా పెద్దలనే చూచును. బిడ్డల క్యాన్సర్లు అరుదు, లాభము స్వల్పము. అందువలననే అమెరికా 2017లో శాసనము చేసి, పెద్దల మందు గుఱిచేయు దోషము బిడ్డల క్యాన్సరునకును సంబంధించినదైనచో బిడ్డలలోను పరిశోధింపవలెనని 2020 ఆగస్టు నుండి నిర్బంధించినది. మన శాసనమునందును అట్టి స్పష్టమైన నిబంధన యుండవలెను.

ఆశను అమ్ముకొనుటకు మాత్రము మేము సమ్మతింపము. అమెరికాలో 2017లో ప్రారంభమైన పీడియాట్రిక్ మ్యాచ్ పరిశోధనలో మొదటి వేయిమందిలో తగిన దోషము కనబడినది సుమారు మూడవవంతు మందికే. మందుపరీక్షలో చేరినవారు సుమారు 130 మందియే. ఈ సత్యమును తల్లిదండ్రులకు ముందే చెప్పవలెను. 2019 నాటి మన నియమములు తగినచోట బిడ్డ యంగీకారమును గూడ కోరుచున్నవి; పరీక్షవలన హాని కలిగినచో పరిహారమును విధించుచున్నవి. ఇవి కాగితముపై నిలిచిన చాలదు. కక్షిదారు చదువక వకాలతుపై సంతకము చేసినట్లు తండ్రి సమ్మతిపత్రముపై సంతకము చేయరాదు; దానిని తెలుగున చదివి వినిపించి, ప్రశ్నించుటకు వ్యవధి నీయవలెను.

మఱియొక మాట. మన బిడ్డల దేహమున పరీక్షింపబడిన మందు మన బిడ్డలకే యందని వెలకు అమ్ముట ఘోరాన్యాయము. అందుబాటు వెలకు ఇత్తుమని ముందే వ్రాసి యీయని కంపెనీకి అనుమతి యీయరాదు.

సుబ్బారావుగారి పేరు స్మరించుకొన్నంత మాత్రమున ఋణము తీరదు. నాడు మనవాని మందు పరదేశపు బిడ్డల కందినది. నేడు లోకములోని మందు మన బిడ్డలకును అందవలెను.