ఆన్ తిరగరాసిన డైరీ

ఆన్ ఫ్రాంక్ అనగానే "పాపం, నాజీలు పొట్టనబెట్టుకున్న యూదుల పిల్ల" అని జాలిపడి ఊరుకుంటాం. నాకది చాలదనిపిస్తుంది.

1942 జూన్‌లో, పదమూడో పుట్టినరోజుకి డైరీ అందింది. జూలై నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండేళ్ళ అజ్ఞాతవాసం. ఆ డైరీలో కన్నతల్లిని ఎన్ని మాటలందో! 1944 జనవరిలో ఆ పేజీలే తిరగేసి, ఇంత ద్వేషం తనలో ఎక్కణ్ణుంచి వచ్చిందని నివ్వెరపోయింది. నా దృష్టిలో ఆమె పెద్దదైంది ఆ రోజే. మే నుంచి డైరీనే తిరగరాయసాగింది. (మనం ప్రాక్టికల్ రికార్డు తిరగరాస్తే మార్కులకోసమే లెండి!) ఆగస్టులో పట్టుబడింది. 1945 తొలినాళ్ళలో బెర్గెన్ బెల్సెన్ క్యాంపులో పోయేనాటికి పదిహేనేళ్ళే.

1947లో అచ్చువేయించినప్పుడు తండ్రి, తల్లిమీది కటువు మాటలు కొన్ని తీసేశాడు. ఆయన బాధ అర్థమౌతుంది. కానీ అవి లేకుంటే ఆ పిల్ల దేన్ని దాటి ఎదిగిందో మనకెలా తెలుస్తుంది?