పాలకమండలిలో జూలూ, సాయంకాలపు బడిలో తెలుగు

ప్రభుత్వ పాఠశాల భాషావిధానాన్ని నిర్ణయించే అధికారాన్ని 1996 నాటి దక్షిణాఫ్రికా పాఠశాలల చట్టం ఆ పాఠశాల పాలకమండలికే అప్పగించింది. మండలిలో ప్రధానోపాధ్యాయుడు, ఉపాధ్యాయులు, ఇతర సిబ్బంది ఉంటారు. ఉన్నత పాఠశాలలో విద్యార్థులూ ఉంటారు. అయితే ఓటు హక్కున్న తక్కిన సభ్యులందరి కంటె తల్లిదండ్రులు ఒక్కరైనా ఎక్కువ ఉండాలి. కనుక భాష విషయంలో చెల్లవలసిన మాట తల్లిదండ్రులది. ఏ తల్లిదండ్రులది అన్నదే మన ప్రశ్న.

క్వాజూలూ-నటాల్‌లో ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిది మంది ఇంట మాట్లాడేది జూలూ. వర్ణవివక్ష పాలనలో మనవారికోసమని వేరుచేసి కట్టిన చాట్స్‌వర్త్, ఫీనిక్స్ బడులలో నేడు జూలూ పిల్లలు ఎందరో చదువుతున్నారు. అయినా మేమెరిగిన మండలులలో సమావేశం ఆంగ్లంలో, ఆదాయవ్యయాల పత్రం ఆంగ్లంలో, అభ్యర్థుల పరిచయం కూడ ఆంగ్లంలోనే. మనుమడిని చదివిస్తున్న గోగో, అనగా అవ్వ, చట్టం దృష్టిలో తల్లిదండ్రులతో సమానురాలు; ఎన్నికలలో నిలబడవచ్చు, ఓటు వేయవచ్చు. ఆమె మాత్రం వెనుక వరుసలో కూర్చుని, హాజరు కాగితంపై సంతకం చేసి, మౌనంగా వెళ్ళిపోతుంది. చదువలేని ఒప్పందంపై వ్రేలిముద్ర వేసి, 1860 మొదలుకొని మద్రాసు రేవునుండి ఓడలెక్కిన కూలీల సంతతి మనం. ఆ మౌనం ఎట్టిదో మనకు ఒకరు చెప్పాలా?

జూలూకు చోటిస్తే తెలుగుకు చోటుండదని మనలో కొందరంటారు. ఈ మాటకు ఆధారం లేదు. ప్రభుత్వపు భారతీయ పాఠశాలలలోనికి మన భాషలు పాఠ్యాంశాలుగా ప్రవేశించింది 1984లో. అనగా మొదటి ఓడ దర్బను చేరిన 124 సంవత్సరాలకు. అంతవరకు తెలుగును మోసినవి గుడి మండపాలు, సాయంకాలపు బడులు. 1994 తరువాత ఉపాధ్యాయుల పదవులు తగ్గిన కొలదీ ఆ పాఠ్యాంశాలూ తగ్గాయి. ఇక ఇంటి సంగతి. మన భోజనపు బల్లమీదికి ఆంగ్లాన్ని జూలూ తల్లులు తెచ్చి వడ్డించలేదు. పిల్లవాడు ఆంగ్లంలో అడిగితే ఆంగ్లంలో బదులిచ్చినది మన ఇళ్ళే.

జూలూ నేర్చితే ఉద్యోగం వస్తుందా అని మరికొందరు అడుగుతారు. ఈ ప్రశ్న మన చెవులకు కొత్త కాదు. తెలుగు కూడు పెడుతుందా అని నలభై ఏళ్ళుగా వింటూనే ఉన్నాము. (చెరకు తోటలలో మన పూర్వులు నేర్చిన ఫనగలోనే జూలూ అనుకొనేవారు ఇప్పటికీ ఉన్నారు. అది పని చెప్పడానికి పుట్టిన భాష. పిల్లవానికి పాఠం చెప్పే భాష కాదు.)

ప్రతి ఉగాది సభలోనూ మన వక్తలు రాజ్యాంగపు ఆరవ విభాగాన్ని చదివి వినిపిస్తారు. అందులో తెలుగు పేరున్నది. తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు దానినీ గౌరవించాలని ఉన్నది. ఉన్నమాటే. అదే విభాగంలో అంతకు ముందే మరొక మాటున్నది: చరిత్రలో అణగద్రొక్కబడిన దేశీయ భాషల హోదాను, వాడుకను పెంచడానికి ప్రభుత్వం ఆచరణాత్మకమైన చర్యలు తీసుకోవాలని. మొదటి మాటను దాటవేసి రెండవదానికి చప్పట్లు కొట్టడం న్యాయం కాదు.

2024 చివరినుండి అమలులోనికి వచ్చిన సవరణ చట్టం ప్రకారం మండలి వ్రాసిన భాషావిధానాన్ని ప్రాంతీయ విద్యాశాఖాధిపతి ఆమోదించాలి. మన అధికారం పోయినదని వాపోయేవారున్నారు. పిల్లల్లో ఎక్కువమంది మాట్లాడే భాషకు మండలి తానే చోటిచ్చి ఉంటే, ఆ అధికారికి దిద్దవలసినదేమి మిగులుతుంది? అదిగాక, అధికారి భాషావిధానాన్ని దిద్దగలడు గాని, వెనుక వరుసలోని అవ్వను ముందుకు పిలువలేడు. ఆ పని తోటి తల్లిదండ్రులదే.

మండలి చేతిలో ఇంకా చాలా ఉన్నది. తన నిధులతో అదనపు ఉపాధ్యాయుని నియమించవచ్చు. బడి గదులను సమాజ కార్యాలకు ఇవ్వవచ్చు. మన తెలుగు తరగతికి శుక్రవారం సాయంత్రం ఒక గది కావాలంటే అడుగవలసినది ఆ మండలినే. జూలూ పాఠం ప్రస్తావన వచ్చినప్పుడు నోరు మెదపని మనం, గది అడగడానికి మాత్రం ఏ ముఖంతో వెళ్ళాలి?

మండలి ఎన్నికలు మూడేళ్ళకొకసారి, రాబోయేవి 2027లో. ఈలోగా మన కుటుంబాలు తమ బడికి రెండు అభ్యర్థనలు వ్రాతపూర్వకంగా ఇవ్వాలి: ఎన్నికల ప్రకటన జూలూలో కూడ రావాలి, తల్లిదండ్రుల సమావేశంలో మాటలను అప్పటికప్పుడు జూలూలో చెప్పేవారొకరు ఉండాలి. ఆ పత్రం క్రింద మొదటి సంతకాలు మన ఇంటిపేర్లతో ఉండాలి.