మార్గను దొరయు మునిగిన యోడయు

టైటానిక్కు మునిగి నూఱేండ్లు దాటినను దానిని గూర్చిన పుకార్లు మునుగకున్నవి. బోధను చక్కెర కార్ఖానాలో చిరకాలము లెక్కలు వ్రాసి విరమించిన పెద్దమనుష్యు లొకరు మొన్న మా ధర్పల్లిలో, “ఓడ మునుగునని యెఱిగియే దాని యజమాని మార్గను దొర ప్రయాణము మానుకొనెను” అని మాతో వాదించిరి. ప్రక్కనున్నవారు “అంతయు విధి” యని నిట్టూర్చిరి. ఈ రెండు మాటలును అసలు తప్పునే కప్పిపుచ్చుచున్నవని మే మందుము.

అమెరికా కోటీశ్వరుడు జె. పి. మార్గను 1902లో పెక్కు ఓడల కంపెనీల నొక్కటిగ గూర్చెను. వైట్ స్టార్ కంపెనీ యందులోనిదే. 1911 మే 31న బెల్‌ఫాస్టులో ఈ యోడను నీట దింపిన వేడుక నాయన చూచెను. 1912 ఏప్రిలులో నది బయలుదేఱినపుడు మాత్రము ఎక్కలేదు. ఇందు కుట్ర యేది? ఆ కంపెనీల కూటమికి అధ్యక్షుడగు ఇస్మే దొర ఆ యోడపైననే యుండెను గదా!

లెక్కలు వ్రాసినవా రీ లెక్క చూడవలదా? ఎక్కినవారు సుమారు 2,200 మంది. రక్షణపడవలు 20, వానిలో పట్టువారు 1,178 మంది. పదివేల టన్నులు మించిన యెంత యోడకైనను 16 పడవలు చాలునని నాటి బ్రిటిషు నిబంధన. ఇదియో, 46 వేల టన్నుల యోడ! యజమానులు చట్టమును మీఱలేదు. దాని చాటున నిలిచిరి. సుమారు 1,500 మంది చచ్చిరి.

ఈ కథ తెలుగునాటికి దూరమైనది కాదు. గుంటూరు లూథరను మిషనరీ బెకరు గారి భార్య, జబ్బుపడిన కుమారుని వైద్యమునకై, ముగ్గురు బిడ్డలతో రెండవ తరగతిలో పయనించెను. గుంటూరున బుట్టిన పండ్రెండేండ్ల రూతు, తల్లి యెక్కిన పడవలో చోటు లేదనగా, వేఱొక పడవ నెక్కెను. నలువురును బ్రతికిరి. సంతోషమే. బ్రిటిషు విచారణ లెక్కలో రెండవ తరగతి పిల్లలందఱును బ్రతికినవారే. మూడవ తరగతి పిల్లలు 79 మందిలో 52 మంది పోయిరి. విధికి టిక్కెట్టు చదువుట యెవరు నేర్పిరో!

మునిగిన పిదప ఓడకు మిగిలిన విలువయు, వసూలైన చార్జీలును, అంతవఱకే తమ బాధ్యత యని అమెరికా చట్టము ననుసరించి వాదించుటకు యజమానులకు హక్కు కలదని 1914లో ఆ దేశపు సుప్రీముకోర్టు తేల్చెను. ఓడకు మిగిలినవి ఆ కొద్ది పడవలే. ఈ సంగతి చెప్పగా మా పెద్దమనుష్యులు కొంతసేపు మౌనముగ నుండి, “అయినను మార్గను దొర యేల యెక్కలేదు?” అనిరి.